పూత ఊడిన చోట ఏం జరుగుతుంది?

స్టీల్ గిన్నెను పీచుతో గట్టిగా తోమిన ప్రతిసారీ దాని మీదున్న ఒక పొరను మనం అక్కడక్కడా గీకేస్తూ ఉంటాం. ఆ పొర కంటికి కనిపించదు. మందం రెండు మూడు నానోమీటర్లు, అంటే సుమారు పది వరుసల పరమాణువులు. స్టీల్‌లో కలిసి ఉన్న క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని తనంతట తాను కట్టుకునే ఆక్సైడ్ పొర అది. గీత పడిన చోట కింది క్రోమియం మళ్లీ ఆక్సిజన్‌ను అందుకుంటుంది, పొర మళ్లీ కట్టుకుంటుంది. ఇనుప మూకుడు తడి తగిలితే తెల్లారేసరికి ఎర్రబడడానికి, పక్కనే ఉన్న స్టీల్ గిన్నె ఏళ్ల తరబడి తెల్లగా ఉండడానికి తేడా ఇంతే. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా చూసే ఉక్కు కోసం వెతుకుతూ క్రోమియం ఎక్కువగా ఉన్న మిశ్రమం తుప్పు పట్టడం లేదని గమనించాడు. ఇప్పుడు స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. మన వంటింటి మేలు రకం స్టీల్‌లో అది సుమారు 18 శాతం.

స్టెయిన్‌లెస్ స్టీల్ మీద కొత్తగా ఏ పూత వేసినా అది ఈ సహజమైన పొరతో పోటీ పడాల్సిందే. ఆ పోటీలో ఒక విషయంలో మాత్రం మనం వేసే పూత దాదాపు ఎప్పుడూ ఓడిపోతుంది. గీత పడితే అది తనను తాను బాగుచేసుకోలేదు. అందుకే నా వాదన ఇది: పూతను వేసిన రోజు దాని గట్టిదనమెంత, మెరుపెంత అని కొలవడం సగం పని మాత్రమే. అది పగిలిన చోట, ఊడిన చోట, సూదిమొనంత రంధ్రం పడిన చోట కింది స్టీలుకు ఏమవుతుందో కొలిచి, ఆ ఫలితాన్ని బయటపెట్టాలి. మన పరిశోధన పత్రాల్లోనూ, కొనుగోలు టెండర్లలోనూ ఈ రెండో సగం చాలా తక్కువగా కనిపిస్తోంది. దాని ధర కొన్నిచోట్ల రోగి చెల్లిస్తాడు.

అసలు తుప్పు పట్టని లోహానికి పూత ఎందుకు అనే ప్రశ్న న్యాయమైనదే. స్టీల్ చేయలేని పనులు కొన్ని ఉన్నాయి. వంటింటి రకం స్టీల్ మెత్తనిది. వికర్స్ కొలతలో దాని గట్టిదనం 150 నుంచి 200 మధ్య ఉంటుంది. దాని మీద వేసే టైటానియం నైట్రైడ్ పొరది 2,000 పైమాటే, పైగా బంగారు రంగు. సౌరశక్తి గొట్టానికి ఎండను మింగే నలుపు కావాలి. గుండె ధమనిలో పెట్టే స్టెంటుకు మందును నెమ్మదిగా వదిలే పొర కావాలి. ఎముకకు బిగించే ప్లేటు నుంచి నికెల్ బయటికి రాకుండా అడ్డు కావాలి. ఇవన్నీ నిజమైన అవసరాలే. పూతల శాస్త్రాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

పూత వేసే పద్ధతుల్లో ఒక చిత్రమైన సంగతి ఉంది. వాక్యూమ్ ఛాంబర్‌లో స్టీల్ ముక్కను పెట్టి, టైటానియం వంటి లోహాన్ని పరమాణువులుగా ఎగరగొట్టి దాని మీద పేర్చడం నేడు బాగా వాడుకలో ఉన్న దారి. దీన్నే పీవీడీ అంటారు. అయితే స్టీల్ మీద ముందే ఉన్న ఆక్సైడ్ పొర కొత్త పొరను సరిగా అతుక్కోనివ్వదు. కాబట్టి మొదట ఆర్గాన్ అయాన్లతో ఆ పొరను కొట్టి తొలగిస్తారు. తర్వాత పట్టు కోసం పలుచగా టైటానియమో క్రోమియమో వేసి, దాని మీద అసలు పూత వేస్తారు. తనను తాను బాగుచేసుకునే చొక్కాను విప్పించి, చిరిగితే చిరిగినట్టే ఉండే కోటు తొడిగినట్టు. ఆ కోటు అవసరమైన చోట తొడగాల్సిందే, కానీ ఎక్కడ చిరుగుతుందో తెలిసి తొడగాలి.

చిరగడానికి కారణాలు చాలానే ఉన్నాయి. మొదటిది వేడి. పూత వేసేటప్పుడు స్టీల్ 400 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కిందనుకుందాం. చల్లారేటప్పుడు మీటరు పొడవున్న స్టీల్ సుమారు ఆరున్నర మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. దాన్ని పట్టుకుని ఉన్న టైటానియం నైట్రైడ్ తన స్వభావం ప్రకారం మూడున్నర మిల్లీమీటర్లే కుంచించుకోవాలి. అతుక్కుని ఉండాలంటే ఆ మూడు మిల్లీమీటర్ల తేడాను పూత లోలోపల ఒత్తిడిగా భరించాలి. కొంత ఒత్తిడి మంచిదే, పగుళ్లను మూసి ఉంచుతుంది. హద్దు దాటితే పొర అంచుల దగ్గర పెచ్చులుగా లేస్తుంది. పూత మందం పెంచితే బలం పెరుగుతుందని అనుకోవడం సహజం. ఈ ఒత్తిడి వల్లనే చాలాసార్లు అది తలకిందులవుతుంది. ఒకటి నుంచి ఐదు మైక్రాన్ల మధ్య ఆగిపోవడానికి ఖర్చుతోపాటు ఇదీ కారణం.

రెండోది కింది లోహం మెత్తదనం. పరుపు మీద అప్పడం పెట్టి వేలితో నొక్కితే అప్పడం ఎంత కరకరలాడేదైనా విరుగుతుంది, ఎందుకంటే కింద పరుపు లొంగిపోతుంది. మెత్తటి స్టీల్ మీది గట్టి పూతది ఇదే పరిస్థితి. పూత గట్టిదనం 2,000 అని చెప్పే అంకె అబద్ధం కాదు, కానీ వస్తువుకు దెబ్బ తగిలినప్పుడు ఆ అంకె ఒక్కటే కాపాడదు.

మూడోదే అన్నిటికన్నా మోసకారిది. దుమ్ము కణం నీడ పడిన చోట, పూత వేసేటప్పుడు ఎగిరిపడిన లోహపు బొట్టు తర్వాత రాలిపోయిన చోట, పూతలో సూది రంధ్రాలు మిగులుతాయి. మంచి నీళ్లలో వీటితో పెద్ద బాధ లేదు. రంధ్రం అడుగున స్టీల్ తన ఆక్సైడ్ పొరను కట్టుకుంటుంది. ఉప్పు ఉన్న చోట కథ మారుతుంది. క్లోరైడ్ అయాన్లు ఆ పొరను ఛేదిస్తాయి. పైనున్న నైట్రైడ్ కరెంటును ప్రవహింపజేస్తుంది, తాను మాత్రం కరగదు. చుట్టూ ఉన్న విశాలమైన పూత అంతా ఒక ధ్రువం, రంధ్రం అడుగునున్న చుక్కంత స్టీల్ మరో ధ్రువం. తుప్పు భారమంతా ఆ చుక్క మీద పడి గుంట లోతుకు దిగుతుంది. పూత లేని స్టీల్ అంతటా కొద్దికొద్దిగా తట్టుకునే దాడిని, లోపమున్న పూత ఒక్కచోట గురిపెట్టి లోపలికి పంపుతుంది. రక్షణ కోసం వేసినదే హాని కలిగించే దారి ఇది. సముద్రపు గాలి, ఊరగాయ రసం, మన రక్తం, అన్నిట్లోనూ క్లోరైడ్ ఉందని గుర్తుంచుకోవాలి.

బంగారు రంగు స్టీల్ ఇప్పుడు మన చుట్టూ విరివిగా కనిపిస్తోంది. లిఫ్టు తలుపులు, హోటల్ రెయిలింగులు, దుకాణాల పేరు అక్షరాలు, పెళ్లి భోజనాల గ్లాసులు. మేలు రకంలో ఇది టైటానియం నైట్రైడే. తినే పదార్థాలతో కలిసిపోదు కాబట్టి భయపడాల్సిన పనీ లేదు. చవక రకాల్లో రంగు లక్క పూత కూడా అదే మెరుపుతో అమ్ముడవుతుంది. కొనేవాడికి ఈ రెంటికీ తేడా తెలిసే మార్గం చెక్కు మీద గానీ డబ్బా మీద గానీ ఉండదు. టైటానియం అనే మాట ఉంటుంది. ఎన్ని మైక్రాన్లో, కింద ఏ రకం స్టీలో, ఉప్పునీటి పరీక్షలో ఎన్ని గంటలు నిలిచిందో ఉండదు. రెయిలింగు మచ్చపడితే మార్చుకోవచ్చు, అది చిన్న నష్టం. ఒంట్లో పెట్టే వస్తువు సంగతి వేరు.

2000 సంవత్సరంలో జర్మనీలోని మ్యూనిక్ వైద్యులు ఒక ఫలితాన్ని ప్రచురించారు. పూతల మీద పనిచేసే ప్రతి విద్యార్థికీ మొదటి పాఠంగా చెప్పదగిన ఫలితం అది. స్టీల్ స్టెంటు తీగలు మరీ సన్ననివి, ఎక్స్‌రే తెర మీద సరిగా కనిపించవు. బంగారం పూత వేస్తే స్పష్టంగా కనిపిస్తాయి. బంగారం శరీరంలో తుప్పు పట్టదు, దేనితోనూ చర్య జరపదు. కాగితం మీద ఇంతకన్నా మంచి ఆలోచన ఉండదు. ఆ వైద్యులు ఒకే ఆకారం గల స్టెంట్లను తీసుకుని, 367 మందికి బంగారు పూత ఉన్నవి, 364 మందికి పూత లేని స్టీల్‌వి లాటరీ పద్ధతిలో అమర్చారు. తర్వాత పరీక్షిస్తే ధమని మళ్లీ ఇరుకైపోవడం పూత లేనివారిలో 38.1 శాతం, బంగారు పూత ఉన్నవారిలో 49.7 శాతం. ఏడాది పాటు ఏ ఇబ్బందీ లేకుండా గడిపినవారు పూత లేని వర్గంలో 73.9 శాతం ఉంటే, బంగారు వర్గంలో 62.9 శాతమే.

బంగారం చెడ్డదా? కథలో అసలు ఆసక్తికరమైన మలుపు ఇక్కడుంది. మరుసటి ఏడాది పందుల ధమనుల్లో చేసిన ప్రయోగాల్లో, తాపడం చేసిన తర్వాత వేడిచేసి నునుపుదేల్చిన బంగారు పూత, అలా చేయని పూతంత హాని చేయలేదని తేలింది. అంటే తేడా బంగారం అనే మూలకంలో కన్నా, తాపడంలో చిక్కుకున్న మలినాల్లో, ఉపరితలపు గరుకుదనంలో ఎక్కువగా ఉంది. అదే పదార్థం, అదే మందం, వేరే తయారీ, వేరే ఫలితం. ‘బంగారు పూత’ అనే రెండు మాటలు ఆ పూత గురించి దాదాపు ఏమీ చెప్పలేదన్నమాట. ‘టైటానియం పూత’, ‘నానో పూత’ అనే మాటలు కూడా అంతకన్నా ఎక్కువేమీ చెప్పవు.

స్టెంట్ల కథ అక్కడితో ఆగలేదు. 2003లో అమెరికాలో అనుమతి పొందిన సైఫర్ అనే స్టెంటు స్టెయిన్‌లెస్ స్టీల్ మీద పాలిమర్ పూత వేసి, అందులో సిరోలిమస్ అనే మందు కలిపినది. ధమని మళ్లీ ఇరుకవడం బాగా తగ్గింది. చాలామందికి రెండోసారి ఆసుపత్రి మెట్లెక్కే పని తప్పింది. ఇది పూతల శాస్త్రం సాధించిన నిజమైన విజయం, దాన్ని విజయమనే చెప్పాలి. మందు మూడు నెలల్లో దాదాపు అయిపోతుంది. పాలిమర్ మాత్రం స్టీల్‌ను అంటిపెట్టుకుని జీవితాంతం ఉంటుంది. 2006లో బార్సిలోనాలో జరిగిన హృద్రోగ వైద్యుల మహాసభలో, ఏడాది దాటాక కూడా కొందరికి స్టెంటులో రక్తం గడ్డకడుతోందన్న లెక్కలు కలకలం రేపాయి. అనుమానితుల్లో ఒకటి ఆ మిగిలిపోయిన పాలిమర్ పొర. తర్వాత తరాల్లో కరిగిపోయే పాలిమర్లు, శరీరానికి మరింత ఒప్పుకునే పాలిమర్లు వచ్చాయి. స్టీల్ స్థానంలో కోబాల్ట్-క్రోమియం తీగలు వచ్చాయి. పూత మొదటి మూడు నెలల్లో చేసే పని గురించి కట్టల కొద్దీ సమాచారం ఉన్నప్పుడు, మూడో ఏట అది ఏం చేస్తుందో రోగుల శరీరాల్లోనే తెలుసుకోవాల్సి వచ్చింది.

మన దేశంలో ఈ పొరకు ప్రభుత్వమే ఒక ధర కట్టింది. తక్కువ ధరకు స్టెంటు అనే కోరిక తెలుగు నేలకు కొత్తది కాదు. 1998లో ఏపీజే అబ్దుల్ కలాం, హృద్రోగ వైద్యుడు సోమరాజు కలిసి తెచ్చిన కలాం-రాజు స్టెంటు పేరు ఇక్కడ చాలామందికి గుర్తే. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ స్టెంట్లకు గరిష్ఠ ధరలు ప్రకటించింది. మందు పూత లేనిదానికి 7,260 రూపాయలు, మందు పూత ఉన్నదానికి 29,600 రూపాయలు. వేలల్లో, లక్షల్లో సాగుతున్న దోపిడీకి కళ్లెం వేసిన మంచి నిర్ణయం అది. కానీ ఆ రెండు గళ్ల పట్టికను ఒకసారి గమనించండి. లోహం, ఆకారం మారినా ప్రధానంగా తేడా చూపింది ఉందా లేదా అనే ఒక్క ప్రశ్న. ఏ పూత, ఎంత మందం, విప్పారినప్పుడు పగులుతుందా, మందు అయిపోయాక ఏమవుతుంది అనే ప్రశ్నలు ధర పట్టికలో ఇమడవు. నిజమే, అవి అనుమతి ఇచ్చే సంస్థ పని. అయితే ఆ సంస్థకు కంపెనీలు ఇచ్చే పరీక్షల వివరాలను చదివే అవకాశం స్టెంటు అమర్చే వైద్యుడికి ఉండాలని, అతని పక్కన కూర్చున్న కుటుంబానికి ఒక పేజీ సారాంశమైనా తెలుగులో దొరకాలని అడగడం అత్యాశ అనుకోను.

విప్పారడం అన్నానే, అక్కడ కాస్త ఆగాలి. ప్రయోగశాలలో పూతను పరీక్షించేది రూపాయి బిళ్లంత చదునైన స్టీల్ ముక్క మీద. అద్దంలా నునుపు చేసి, పూత వేసి, శరీర ద్రవంలాంటి ఉప్పు ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర కొన్ని గంటలో కొన్ని రోజులో ఉంచి, తుప్పు కరెంటు ఎంత తగ్గిందో గ్రాఫు గీస్తారు. ‘తుప్పు నిరోధం గణనీయంగా మెరుగైంది’ అని ముగుస్తుంది. అసలు వస్తువు బతుకు ఇలా ఉండదు. స్టెంటును ధమనిలో బెలూన్‌తో విప్పినప్పుడు తీగ మలుపుల దగ్గర లోహం 20 శాతం వరకు, ఒక్కోసారి అంతకు మించి సాగుతుంది. సిరామిక్ పూతలు ఒకటి రెండు శాతం సాగితేనే పగులుతాయి. ఎముక విరిగినప్పుడు బిగించే ప్లేటును ఆ ఎముక వంపుకు తగ్గట్టు సర్జన్ ఆపరేషన్ టేబుల్ దగ్గరే వంచుతాడు. స్క్రూ తిరిగేటప్పుడు దాని తల ప్లేటు రంధ్రాన్ని గీకుతుంది. రోగి నడుస్తున్నంత కాలం ఆ కీలు దగ్గర మైక్రాన్ల కదలిక ఉంటూనే ఉంటుంది. నునుపు బిళ్ల మీద తీసిన అంకెకు ఈ జీవితంతో సంబంధం చాలా తక్కువ.

మన దేశంలో విరిగిన ఎముకలకు వాడే ప్లేట్లు, రాడ్లలో స్టెయిన్‌లెస్ స్టీల్‌ది పెద్ద వాటా. టైటానియం కొనలేని ఇంటివాళ్లకు అదే గతి. 316ఎల్ అనే ఆ రకంలో నికెల్ 10 శాతం పైనే ఉంటుంది. కాబట్టి దాని మీద మంచి పూత కనుక్కోవడం మనకు చాలా విలువైన పని, ఇందులో మన పరిశోధకులు పెట్టే శ్రమకు సార్థకత ఉంది. సరిగ్గా అందుకే వంచాక, గీరాక, ఆరు నెలలు ఉప్పులో ఉంచాక ఆ పూత ఎలా ఉందో చెప్పని పత్రాన్ని సగం పత్రంగానే చూడాలంటున్నాను. వంచి చూపించడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. రాక్‌వెల్ గట్టిదనం కొలిచే యంత్రం ప్రతి ఇంజినీరింగ్ కాలేజీలో ఉంటుంది. దాని వజ్రపు మొనతో పూత మీద ఒక గుంట కొట్టి, గుంట అంచున పగుళ్లే ఉన్నాయా, పెచ్చులు లేచాయా అని మైక్రోస్కోపులో చూస్తే పట్టు ఎంతో చాలావరకు తెలిసిపోతుంది. పరిశ్రమల్లో ఇది రోజువారీ పరీక్ష. పీహెచ్‌డీ పనుల్లో ఎందుకు ఐచ్ఛికమైందో నాకు అర్థం కాదు.

అరిగాక కొలవాలి అనే సూత్రాన్ని చట్టంలోకి ఎక్కించిన చోట్లూ ఉన్నాయి. ఐరోపాలో చాలామందికి నికెల్ తగిలితే చర్మం దద్దురెక్కుతుంది. వాచీ గొలుసులు, బొత్తాలు, కళ్లద్దాల ఫ్రేముల వంటి చర్మానికి ఆనుకునే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముల కన్నా ఎక్కువ నికెల్ రాకూడదని 1994లో అక్కడ నియమం పెట్టారు. తయారీదారులు వెంటనే పూత వైపు చూస్తారని ముందే ఊహించారు. అందుకే పూత ఉన్న వస్తువైతే, మామూలు వాడకంలో కనీసం రెండేళ్ల పాటు ఆ హద్దు దాటకూడదని చేర్చారు. పరీక్షలో వస్తువును ముందు తుప్పు పట్టించే ఆవిరిలో ఉంచి, రాపిడి పదార్థాలతో కలిపి డబ్బాలో తిప్పి, రెండేళ్ల అరుగుదలను తెప్పిస్తారు. నికెల్ కొలిచేది ఆ తర్వాతే. వాచీ గొలుసుకే ఇంత జాగ్రత్త ఉన్నప్పుడు, తొడ ఎముకకు బిగించే ప్లేటు మీద పూత గురించి రాసే పత్రానికి అంతకన్నా తక్కువ సరిపోతుందా?

సౌరశక్తి రంగం ఈ విషయంలో మెరుగు. ఎండను గొట్టం మీదికి మళ్లించి నూనెను వేడిచేసే కేంద్రాల్లో ఆ గొట్టం స్టెయిన్‌లెస్ స్టీల్‌ది. దాని మీది పూత రెండు వ్యతిరేకమైన పనులు చేయాలి. ఎండను దాదాపు మొత్తం మింగాలి, వేడెక్కిన గొట్టం నుంచి వేడి కిరణాలుగా పోకుండా ఆపాలి. కొన్ని వందల నానోమీటర్ల మందంలో పొర మీద పొర పేర్చి దీన్ని సాధిస్తారు. బెంగళూరులోని జాతీయ ఏరోస్పేస్ ప్రయోగశాల టైటానియం-అల్యూమినియం నైట్రైడ్ పొరలతో ఇలాంటి పూతల మీద ఏళ్లుగా పనిచేస్తోంది. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని ఆర్సీ సంస్థ (పొడి లోహశాస్త్రం, కొత్త పదార్థాల అంతర్జాతీయ పరిశోధన కేంద్రం) ఎండలో సుమారు 93 శాతాన్ని మింగే పూతతో తక్కువ ఖర్చు గొట్టాన్ని తయారుచేసింది. పాల డెయిరీలు, బట్టల మిల్లుల వంటి చోట్ల వేడినీటికి, ఆవిరికి ఉపయోగపడాలన్నది ఉద్దేశం. 2010లో మొదలైన జాతీయ సౌర మిషన్ తొలి దశలో ఏడు సౌరతాప కేంద్రాలకు, మొత్తం 470 మెగావాట్లకు అనుమతి ఇస్తే నడక మొదలుపెట్టినవి కొన్నే. వాటిలో ఒకటి అనంతపురం జిల్లాలోని 50 మెగావాట్ల కేంద్రం. అలాంటి కేంద్రాల గొట్టాలు మన దగ్గరే తయారైతే ఎంత మేలో చెప్పనక్కర్లేదు.

ఈ పూతల్లోనూ కింద ఉన్నది స్టీల్ అన్న సంగతి మర్చిపోతే అంకెలు మోసం చేస్తాయి. రాగి తనంతట తాను వేడి కిరణాలను చాలా తక్కువగా వదులుతుంది, స్టీల్ అంతకన్నా ఎక్కువ వదులుతుంది. రాగి ముక్క మీద వేసి సాధించిన అంకె స్టీల్ గొట్టం మీద రాదు. పైగా 400 డిగ్రీల దగ్గర నెలల తరబడి ఉంటే స్టీల్‌లోని పరమాణువులు మెల్లగా పూతలోకి పాకుతాయి, పొరల సరిహద్దులు చెదురుతాయి. మధ్యలో అడ్డుపొర ఎందుకు వేస్తారంటే ఇందుకే. అయినా ఈ రంగం వాళ్లు ఒక మంచి అలవాటు చేసుకున్నారు. ఇళ్ల మీది సౌర వాటర్ హీటర్ల పూతలకు ఐఎస్ఓ 22975-3 అనే ప్రమాణం ఉంది. వేడిలో, తేమలో పూతను ముసలిదాన్ని చేసి, మింగే శక్తి ఎంత తగ్గింది, వదిలే వేడి ఎంత పెరిగింది అనే రెంటినీ కలిపి ఒక్క అంకెగా చెబుతారు. ఆ అంకె 0.05 దాటకపోతేనే పాతికేళ్లు నిలుస్తుందని లెక్క. ప్రపంచంలో ఎవరు ఎక్కడ పూత వేసినా ఇదే ప్రశ్నకు జవాబు చెప్పాలి. స్టీల్ ఇంప్లాంట్ల పూతల మీద పనిచేసేవాళ్లు ఇలాంటి ఉమ్మడి అంకె ఒకటి తయారుచేసుకుని ఉంటే, పదేళ్ల పత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చగలిగేవాళ్లం. ఇప్పుడు ఒకరి ద్రావణం ఒకటి, మరొకరి గంటలు వేరు, మూడోవారి స్టీల్ నునుపు వేరు.

దీనికి ఎదురు మాట ఒకటి వినిపిస్తుంది. పరిశోధన అంటే కొత్త దారి చూపడం, ఆరు నెలల పరీక్షలు, వంచి చూడడాలు పరిశ్రమ పని, చిన్న ప్రయోగశాలకు ఆ ఓపిక, డబ్బు ఉండవు అని. ఇందులో కొంత నిజం ఉంది. ఉప్పునీటి ఆవిరి గదిలో వేల గంటలు నడపడానికి కరెంటు బిల్లు కూడా ఒక సమస్యే అయిన విశ్వవిద్యాలయాలు మనకు ఉన్నాయి. కానీ పరిశ్రమ ఆ పని చేస్తే ఫలితం పరిశ్రమ బీరువాలోనే ఉంటుంది, ముఖ్యంగా ఫలితం చెడ్డదైతే. ప్రజల డబ్బుతో నడిచే పరిశోధనకు, బయటికి చెప్పే బాధ్యత ఉన్న పరిశోధనకు, విఫలమైన పూత గురించి రాయడం గౌరవమైన పనే కావాలి. నిధులిచ్చే సంస్థలు ప్రాజెక్టు బడ్జెట్‌లో ‘దీర్ఘకాల పరీక్ష’ అని ఒక గడి పెట్టి, ప్రాజెక్టు ముగిశాక కూడా నమూనాలను ఏడాదికోసారి తీసి చూసేందుకు కొద్దిపాటి సొమ్ము కేటాయిస్తే చాలు. విద్యార్థి పట్టా తీసుకుని వెళ్లిపోయినా బీకరులోని నమూనా అక్కడే ఉంటుంది. దాని మీద తేదీ రాసి ఉంచడానికి పెద్ద ఖర్చు కాదు.

కొనుగోళ్ల సంగతి ఇంకా సులువు. ప్రభుత్వ ఆసుపత్రులకు ఇంప్లాంట్లు కొనే టెండరులో ‘పూత గలది’ అని రాస్తే తక్కువ ధర చెప్పినవాడు గెలుస్తాడు. పూత ఏమిటో, మందం ఏ హద్దుల మధ్య ఉండాలో, వంచాక పట్టు ఎంత ఉండాలో, ఏ ద్రావణంలో ఎన్ని రోజుల తర్వాత గుంట తుప్పు కనిపించకూడదో రాస్తే పోటీ వేరే చోట మొదలవుతుంది. ఇవి రాయలేకపోతే పూత లేని మంచి స్టీల్ కొనడమే మేలని నా అభిప్రాయం. మ్యూనిక్ రోగుల్లో పూత లేని వర్గమే బాగుంది కదా. సాదా స్టీల్ ఎలా విఫలమవుతుందో మనకు దశాబ్దాల అనుభవంతో తెలుసు. లోపమున్న పూత ఎలా విఫలమవుతుందో తెలియకపోవడమే అసలు ప్రమాదం.

వైద్య పరికరాల వల్ల కలిగే ఇబ్బందులను నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మన దేశంలో 2015 జులైలో మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. రోగికి ఇబ్బంది వస్తే వైద్యుడు ఫారం నింపి పంపవచ్చు, రోగి కూడా పంపవచ్చు. దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. తెలిసి పంపినా, ఫారంతోపాటు ఆ వస్తువు పరీక్షకు వెళితేనే పూత గురించి ఏదైనా తేలుతుంది. ఎముక అతుక్కున్నాక తీసేసిన ప్లేట్లు, స్క్రూలు ఇప్పుడు చాలాచోట్ల కవరులో చుట్టి ఇంటివాళ్ల చేతిలో పెడతారు, లేదంటే చెత్తలోకి పోతాయి. ఏడాదిన్నర పాటు ఒక మనిషి ఒంట్లో, అతని బరువు కింద, అతని రక్తంలో ఉండి వచ్చిన నమూనా అది. ఏ ప్రయోగశాలా అలాంటిది తయారుచేయలేదు. పూత ఉన్న ప్లేటు అయితే దాన్ని రోగి అనుమతితో శుభ్రపరిచి, ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు తీశారో రాసిన చీటీతో దగ్గరలోని పదార్థ విజ్ఞాన విభాగానికి పంపే ఏర్పాటు ఒక్కో బోధనాసుపత్రిలో మొదలుపెట్టవచ్చు. హైదరాబాద్, విశాఖ, తిరుపతి వంటి ఊళ్లలో వైద్య కళాశాల, లోహాలను చూడగల మైక్రోస్కోపు ఉన్న సంస్థ రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి. మధ్యలో ఉన్నది సిటీ బస్సు దూరం.